దిద్దిన మాట

పరాంకుశం సారుకు ఒకటే బాధ. మూడేళ్లుగా వస్తున్నా నబీసా తాత ఆయన చేతికి ఒక్కసారి కూడా దూది ఇవ్వలేదు.

ఇదేం బాధ అనుకుంటారు మీరు. తాత సంగతి తెలిస్తే అట్లా అనుకోరు.

ప్రొద్దుటూరులో ఒక సందు చివర రేకుల కొట్టం తాతది. అందులో కూర్చుని పరుపులు, దిండ్లు కుట్టేవాడు. దూదేకుల ఇంట పుట్టినవాడు, పుట్టిన ఇంటి పని చివరిదాకా వదల్లేదు. వయసులో ఉండగా ఎవరో ఫకీరు వెంట దేశాలు తిరిగాడని చెప్పుకునేవాళ్లు. ఆ ఫకీరు పేరేంది తాతా అని అడిగితే, "ఆయప్ప చెప్పలే, నేను అడగలే" అనేసి తన కుట్టు తాను కుట్టుకునేవాడు. ఉపదేశాలు లేవు, తాయెత్తులు లేవు. కష్టమొచ్చి ఎవరైనా గడప తొక్కితే చాప చూపించి, ముందర ఇంత దూది పోసి, "చెత్త ఏరు నాయనా" అనేవాడు.

వచ్చినవాళ్లు అయోమయంగా కూర్చుని గింజముక్కలు, ఆకు నలుసులు ఏరడం మొదలుపెట్టేవాళ్లు. కాసేపటికి చేతులు వాటి దారిన అవి పనిచేస్తుంటే నోరు దానంతట అది తెరుచుకునేది. తాత వింటూ ఉండేవాడు. మధ్యలో ఊ కొట్టేది కూడా లేదు. చెప్పేవాళ్లు ఏడిస్తే ఏడవనిచ్చేవాడు, ఆగితే ఆగనిచ్చేవాడు. అంతా అయ్యాక ఒకటో రెండో మాటలు చెప్పి, వాళ్లు ఏరిన దూదితోనే చిన్న దిండు కుట్టిచ్చి, "దీనిమింద తల పెట్టి పండుకో" అని పంపేవాడు. ఈ ఊళ్లో సగం మంది ఆ దిండ్ల మీదే పడుకుంటున్నారు, కావాలంటే అడిగి చూడండి.

నేను ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. ఓబులేసు అంటారు. ఇంట్లో కూర్చుంటే కోడలికి అడ్డం, అరుగు మీద కూర్చుంటే దోమలు. అందుకని పొద్దున పోయి తాతకు సూదుల్లో దారం ఎక్కించిపెట్టి, దిండు గలీబులకు అంచులు కుట్టిపెట్టి, సాయంత్రం వచ్చేవాణ్ణి. శిష్యుణ్ణని చెప్పుకోను గానీ, తాత తిడితే తినే చనువు నాకుండేది.

పరాంకుశం సారు అట్లా కాదు. ఆయన శిష్యుణ్ణని చెప్పుకునే మనిషి. కాలేజీలో ముప్పై యేళ్లు ఇంగ్లీషు చెప్పి దిగాడు. భార్య వకుళమ్మ చనిపోయిన చాలా యేళ్లకు మొదటిసారి తాత దగ్గరికొచ్చాడు. చాప మీద కూర్చున్నాడో లేదో, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒరిస్సా అతనొకడు వచ్చి పక్కన కూలబడ్డాడు. వాడికి తెలుగు రాదు. తాతకు తెలుగు తప్ప ఇంకొకటి రాదు, దూదేకులోళ్ల ఇళ్లల్లో తెలుగే కదా. సారు మధ్యలో కల్పించుకుని వాడి ఇంగ్లీషును తెలుగు చేసి తాతకు అందించాడు. ఆ రోజుతో ఆయన పని అదైపోయింది. సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లు, దూది బేళ్లు కొనడానికి వచ్చే ఉత్తరాది వాళ్లు, ఎవరొచ్చినా సారే మధ్యవర్తి. ఆయన దూది మాత్రం అట్లాగే ఉండిపోయింది.

"అందరి చేతికీ ఇస్తారు తాతా. నాకెప్పుడు?" అని అడిగేవాడు అప్పుడప్పుడు.

"నీకు పనుండాది కదా అయ్యోరూ," అనేవాడు తాత.

ఈ పని గురించి సారుకు లోపల గర్వం. పైకి సేవ అనేవాడు. ఆయన తర్జుమా చేస్తుంటే చూడాలి. ఏడుస్తూ, చీదుకుంటూ, తడబడుతూ వచ్చిన మాట ఆయన నోట్లోంచి ఇస్త్రీ చొక్కాలాగా బయటికొచ్చేది. తాత మాత్రం సారు నోటి వంక చూసేవాడు కాదు. చాప మీద కూర్చున్నవాళ్ల చేతుల వంకే చూసేవాడు.

సారు దగ్గర నేనూ చదువుకున్నాను లెండి, ఇంటర్. ఇంగ్లీషులో ఆయనకు ప్రాణమైన పాఠం ఒకటుండేది. జరగనివాటి పాఠం. అట్లా అయ్యుంటే, ఇట్లా చేసుంటే అనే వాక్యాలు ఎట్లా కట్టాలో చెప్పే పాఠం. "జరిగినదాన్ని ఎవడైనా చెప్తాడు. జరగనిదాన్ని చెప్పేటప్పుడే వాడి చదువు బయటపడుతుంది," అనేవాడు. ఆ పాఠం చెప్పేటప్పుడు ఆయన కళ్లు మెరిసేవి. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

ఒకరోజు ఒక్కొక్కణ్ణీ లేపి, ఇఫ్‌తో మొదలుపెట్టి వాక్యం చెప్పమన్నాడు. నా పక్కవాళ్లంతా పక్షినైతే ఎగిరేవాణ్ణి, రాజునైతే దానం చేసేవాణ్ణి అని గైడులో ఉన్నవి చదివేశారు. నాకు సొంతది చెప్పాలనిపించింది. లేచి, "ఇఫ్ మై ఫాదర్ వాజ్..." అన్నాను.

"వర్," అన్నాడు సారు.

"ఇఫ్ మై ఫాదర్ వర్..." అని నిలబడిపోయాను.

"గుడ్. సిట్ డౌన్," అన్నాడు.

మా నాయన పోయి అప్పటికి నెల కూడా కాలేదు. మిగతా సగం ఏందిరా అని ఆయన అడగలేదు. అప్పటినుంచి నాకు ఇంగ్లీషు వినపడుతుంది, అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం రాదు. ఆయన మీద కోపమా అంటే కోపమే. ఇన్నేళ్లయినా పోలేదు. ఎందుకు దాచుకోవాలి?

ఇక అసలు సంగతి చెప్తాను.

ఎండలు ముదిరిన రోజులు. మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కుంటున్నాం. ఆసుపత్రిలో ఆయాగా చేసే సాలమ్మ ఒక నర్సమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. కేరళ పిల్ల. పేరు బిన్సీ. మొహం చూస్తే పాతికేళ్లుంటాయి, కళ్లు చూస్తే ఎన్నేళ్లో చెప్పలేం. ఈ ఊరొచ్చి ఎక్కువ కాలం కాలేదు. నొప్పి ఎక్కడ, మాత్ర మింగు, చెయ్యి చాపు, అంతవరకే ఆమె తెలుగు.

"తాతా, ఈ పాప ఉద్యోగం ఇడిసిపెట్టి సాయంత్రం రైలుకు పోతాంది," అంది సాలమ్మ. "ఈయమ్మ తమ్ముడు పోయినాడు. అప్పటికాడినుంచి కన్ను మూయలే. పోయేముందర నీతో ఒక మాట అడగాలంట. అందుకే పిల్చుకొచ్చినా. నాకు డూటీకి టైమయింది." చెప్పి వెళ్లిపోయింది.

తాత చాప చూపించాడు. దూది పోశాడు. ఆ పిల్లకు ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. నర్సు చేతులు కదా, కూర్చోగానే ఏరడం మొదలుపెట్టింది. కొంత దూది ఏరింది. తర్వాత తలెత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఇంగ్లీషే, కానీ మన ఇంగ్లీషులాగే గతుకుల ఇంగ్లీషు.

"మా ఊళ్లో అందరూ నాకు తెలిసినవాళ్లే సర్. అడిగితే నా మొహం చూసి మంచి జవాబే చెప్తారు. మా అమ్మ కూడా మంచి జవాబే చెప్తుంది. నేనెవరో తెలియని పెద్దమనిషి చెప్తే అప్పుడు నమ్ముతాను." ఇదీ ఆమె అన్నది.

సారు గొంతు సవరించుకున్నాడు. "బంధువర్గంలో నిష్పాక్షికమైన అభిప్రాయం దొరకదని ఈ అమ్మాయి భావిస్తోంది తాతా," అన్నాడు.

నాకు అప్పుడే ఒళ్లు మండింది. తాత మాత్రం ఆ పిల్ల చేతుల వంకే చూస్తున్నాడు.

తమ్ముడి పేరు జోబిన్ అట. కొచ్చిలో ఏదో కంపెనీలో చేరి ఒక్కడే గది తీసుకుని ఉండేవాడు. జ్వరమొచ్చింది. రెండు రోజులు పట్టించుకోలేదు. మూడోరోజు అక్కకు ఫోన్ చేశాడు. అక్క నర్సు కదా, ఏం చేయాలో ఆమెకే తెలుస్తుందని. డ్యూటీలో ఫోన్ దగ్గర పెట్టుకోకూడదు. ఆ రోజు ఈ పిల్ల జేబులో ఉంది. మోగింది. ఎదురుగా హెడ్ సిస్టర్. ఈమె కట్ చేసింది. డ్యూటీ దిగి చేస్తే ఎత్తేవాడు లేడు.

ఇంతవరకూ బాగానే చెప్పింది. చేతులు దూదిలో ఆడుతున్నాయి. నేను కుట్టు ఆపేసి వింటున్నాను. సారు కూడా ఇక్కడిదాకా తెలుగు చేసి తాతకు చెప్పాడు. అప్పుడు ఆ పిల్ల ఒక్కసారి ఊపిరి పీల్చుకుని తాత మొహం వంక చూసింది. అడగడానికి వచ్చిన మాట ఇప్పుడు అడగబోతోందని నాకు అర్థమైంది.

"ఇఫ్ ఐ వుడ్ హావ్ టేకెన్ దట్ కాల్..." అంది.

"హాడ్ టేకెన్," అన్నాడు సారు.

గట్టిగా అనలేదు, పాపం. ఎదుటివాళ్ల భుజం మీద దారప్పోగు కనిపిస్తే తీసేస్తామే, అంత మెల్లగా అన్నాడు. అన్నట్టు ఆయనకైనా తెలుసో లేదో. ముప్పై యేళ్ల అలవాటు, చింత చచ్చినా పులుపు చావలేదు.

"సారీ సర్," అంది ఆ పిల్ల. "ఇఫ్ ఐ హాడ్ టేకెన్ దట్ కాల్, హీ విల్..."

"వుడ్ హావ్."

ఆ పిల్ల తలూపింది. చిన్నపిల్లలు ఎక్కం తప్పితే పెదాలతో లోపల లోపల అనుకుంటారే, అట్లా అనుకుంది. ఒకసారి నోరు తెరిచింది. మూసింది. ఇంకోసారి తెరవబోయి సారు వంక చూసింది. చేతులు ఆగిపోయాయి. ఏరిన దూదిని ఏరనిదాంట్లోకి మెల్లగా నెట్టేసి, సంచి అందుకుని లేచి నిలబడింది.

"థాంక్యూ సర్," అంది సారుతో. తాతకు చేతులు జోడించింది. చెప్పులేసుకుని ఎండలోకి వెళ్లిపోయింది.

నేను లేవబోయాను. ఏమని పిలవాలి? ఏ భాషలో పిలవాలి?

"ఏమనింది?" అన్నాడు తాత.

"ఆ ఫోన్ కనుక స్వీకరించి ఉంటే, అని మొదలుపెట్టింది తాతా. తర్వాత ఏమీ అనలేదు."

"ఎందుకనలేదు?"

"భాష చాలలేదు పాపం," అన్నాడు సారు. జాలిగానే అన్నాడు.

"మధ్యలో నువ్వేందో అంటివే?"

"ఏమీ లేదు. వాక్యంలో చిన్న తప్పుంటే సరిచేశాను."

మిగతా సగం ఏముంటుందో మీరూ ఊహించగలరు, నేనూ ఊహించగలను. మనం ఊహిస్తే ఏం లాభం? అడగాల్సిన మనిషి అడగలేదు, చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. పుండు మీద కారం చల్లి, కారం మెత్తగా నూరి చల్లాను అంటున్నాడీయన. నాకు లేచి ఆయన మొహం మీదే అనేయాలనిపించింది.

తాత నా వంక ఒక్క చూపు చూశాడు. నోరు మూసుకున్నాను.

అప్పుడు తాత వంగి, ఆ పిల్ల వదిలేసిన దూదిని రెండు చేతులా దగ్గరికి తీసి, సారు ముందర పోశాడు.

"ఏరు అయ్యోరూ," అన్నాడు.

సారు మొహం చూడాలి అప్పుడు. మూడేళ్లు కాచుకున్న మనిషి. కండువా తీసి పక్కన పెట్టాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. చాప మీదికి జరిగి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ దూది ఎవరిదో, ఎందుకు మిగిలిందో ఆయనకు తట్టనేలేదు. గబగబా ఏరడం మొదలుపెట్టాడు. నాకు ఆయన మీద అంత కోపంలోనూ ఒక్క క్షణం జాలేసింది.

మొదట్లో పుస్తకంలో మాటలే వచ్చాయి. వివాహం, దాంపత్యం, అనారోగ్యం. తాత వింటున్నాడు. ఇంకాసేపటికి ఏరుతున్న చేతులు కుదురుకున్నాయి. గొంతు మారింది. జమ్మలమడుగు పక్క పల్లెలో పుట్టినవాడు సారు. ఆ పల్లె ఆయన గొంతులో ఉందని నాకు ఆ రోజుదాకా తెలియదు.

"పేపర్లు దిద్దే క్యాంపుకు అనంతపురం పోవాల తాతా నేను. తెల్లారి బస్సుకు బయల్దేరతాండా. ఆయమ్మి గడపకాడికొచ్చి, ఎదలో పట్టేసినట్టుండాది అనె..."

"ఆయమ్మి అనగూడదు అయ్యోరూ," అన్నాడు తాత. "నా భార్య అనాల."

సారు చేతులు ఆగాయి. నా చేతిలో సూది ఆగింది. తాత ఒక మనిషిని మాట మధ్యలో ఆపడం నా జన్మలో అదే చూడటం.

"నా భార్య," అన్నాడు సారు. మళ్లీ ఏరడం మొదలుపెట్టాడు. "నా భార్య అనింది. గ్యాస్ అయ్యుంటాది, సోడా తాగు అన్జెప్పి..."

"అని చెప్పి."

"అని చెప్పి... నేను బస్సెక్కినా. క్యాంపులో దిగినాక కూడా ఒకసారి అనుకున్యా, ఫోన్ చేద్దామా అని. పేపర్ల కట్ట ముందరేసుకున్యా. ఆ కట్టయిపోయినాక చేద్దాంలే అనుకున్యా."

"అనుకున్నాను," అన్నాడు తాత.

సారు తలెత్తి తాత వంక చూశాడు. తాత మొహంలో కోపం లేదు, వెటకారం లేదు. చాలా మర్యాదగా, చాలా మెల్లగా అంటున్నాడు. సారు కళ్లల్లో నీళ్లున్నాయి. గుండె దిటవు చేసుకుని, ఇన్నేళ్లు లోపల దాచుకున్న మాట బయటికి తెచ్చాడు.

"ఆ పొద్దు నేను ఇంటికాడ ఉండింటే తాతా..."

"ఉండి ఉంటే," అన్నాడు తాత.

సారు నోరు తెరిచే ఉంది. మాట రాలేదు. దూది పిడికిట్లో ఉండిపోయింది. కొట్టం రేకులు ఎండకు టపటపమంటున్నాయి. తాత పక్కనున్న గలీబు తీసుకుని అంచు కుట్టడం మొదలుపెట్టాడు.

ఎంతసేపటికో సారు పిడికిలి విప్పి దూది కింద పెట్టాడు. కండువా భుజాన వేసుకోవడం మరిచిపోయి లేచాడు.

"ఓబులేసూ," అన్నాడు. "నీ బండి ఉందా?"

ఎర్రగుంట్ల స్టేషనుకు పోవాలి. కేరళ రైలు అక్కడే ఆగుతుంది. నా టీవీఎస్ మోపెడ్ నన్నొక్కణ్ణే మోయలేక ఏడుస్తుంది, వెనక ఆయన. పెన్న వంతెన దాటేసరికి ఇంజను సలసలా కాగుతోంది. సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి పోతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కానీ ఆ మాట అనలేదు నేను. పడాల్సినంత ఆయన పడ్డాడు.

దారంతా వెనకనుంచి ఏదో గొణుగుతున్నాడు. చెవి పెట్టి విన్నాను. ఆ పిల్లతో ఏమని మొదలుపెట్టాలో ఇంగ్లీషులో కట్టుకుంటున్నాడు. ఒకటి కడతాడు, కాదంటాడు, ఇంకొకటి కడతాడు.

"సారీ అనండి సార్, చాలు," అన్నాను.

"చాలదు ఓబులేసూ," అన్నాడు.

స్టేషన్లో ఆ పిల్ల రేకు నీడలో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన తాడు కట్టిన సూట్‌కేసు, బకెట్టు, బకెట్లో వంటగిన్నెలు. నర్సులు హాస్టలు ఖాళీ చేస్తే అట్లాగే ఉంటుంది సామాను. మమ్మల్ని దూరం నుంచే చూసింది. చూడగానే లేచి నిలబడింది. క్లాసులోకి సారొస్తే పిల్లలు నిలబడతారే, అట్లా.

సారు అక్కడే ఆగిపోయాడు. ఆ లేవడం ఆయన గుండెల్లో ఎక్కడో తగిలినట్టుంది. "సిట్, సిట్," అంటూ చేత్తో సైగ చేశాడు. ఆ పిల్ల కూర్చోలేదు.

దారిలో కట్టుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు ఆయనకు. ఇంగ్లీషులోనే మాట్లాడాడు, కానీ అతుకులు అతుకులుగా. నాది తప్పు. నేను నీ మాట ఆపాను. ఆపకుండా ఉండాల్సింది. ఎట్లా వస్తే అట్లా చెప్పు. మీ మలయాళంలో చెప్పినా సరే, నేను నోరెత్తను. ఆ పెద్దాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. నువ్వు చెప్పింది చెప్పినట్టు తీసుకుపోతాను. ఆయన చెప్పింది ఎట్లాగైనా నీకు చేరుస్తాను. ఇదంతా చెప్పేటప్పుడు ఆయన రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి. నా సారు చేతులు చాచగా నేనెప్పుడూ చూడలేదు. దేవుడా, ఈ పిల్ల నోరు తెరిస్తే బాగుండు అని మనసులో దండం పెట్టుకున్నాను.

"ఇట్స్ ఓకే సర్," అంది ఆ పిల్ల.

"ప్లీజ్," అన్నాడు సారు.

ఆమె పట్టాల వంక చూసింది. ఆలోచించింది. పెదాలు కొద్దిగా కదులుతున్నాయి. ఏదో లోపల తయారుచేసుకుంటోంది. ఒక్కో మాట తీసి, చూసి, పక్కన పేర్చుకుంటున్నట్టుంది.

చివరికి మా వైపు తిరిగి చెప్పింది. తడబాటు లేదు. ఒక్క మాట వంకర పోలేదు.

"ఇఫ్ ఐ హాడ్ నోన్, ఐ వుడ్ నాట్ హావ్ కమ్."

చెప్పి ఆగింది. తర్వాత, "కరెక్ట్, సర్?" అంది.

ఎత్తిపొడుపేమో అని ఆమె మొహం చూశాను. కాదు. ఎత్తిపొడుపైనా బాగుండును, తిట్టినా బాగుండును. ఆ పిల్ల నిజంగానే అడిగింది. తప్పుంటే దిద్దుతాడేమో అని సారు మొహం వంక చూస్తూ నిలబడింది.

సారు తలూపాడు.

"కరెక్ట్," అన్నాడు.

రైలొచ్చింది. సూట్‌కేసు అందుకోబోతే "నో సర్, ఐ విల్ మేనేజ్" అని తానే లాక్కుంది. బకెట్టు నేను అందించాను. కిటికీ దగ్గర సీటు దొరికినట్టుంది, లోపల కూర్చోవడం కనిపించింది. మా వైపు చూడలేదు. రైలు కదిలి, చివరి పెట్టె దాటిపోయి, రైల్వే గేటు తీసి లారీలు కదిలేదాకా సారు అక్కడే నిలబడ్డాడు. నేను పిలవలేదు.

వచ్చేటప్పుడు ఏమీ గొణగలేదు. వంతెన మీద బండి ఆగిపోతే దిగి నాతోపాటు తోశాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఒకసారి మాత్రం, "ఇంటర్లో నువ్వేదో వాక్యం చెప్పబోయినట్టు గుర్తు ఓబులేసూ," అన్నాడు. నేను తల తిప్పకుండా బండి తోశాను. ఇన్నేళ్లకు అడిగినందుకు సంతోషించాలో, ఇంకా కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

కొట్టం చేరేసరికి పొద్దు వాలుతోంది. తాత గుమ్మంలోనే కూర్చుని మా కోసం చూస్తున్నాడు. సారు చెప్పులు విడిచి లోపలికొచ్చి, చాప మీద కాకుండా మట్టినేల మీద కూర్చున్నాడు.

"కనపడిందా?" అన్నాడు తాత.

"కనపడింది."

"ఏమనింది?"

సారు వెంటనే చెప్పలేదు. ఇస్త్రీ చేస్తున్నాడేమో అనుకున్నాను. కాదు. తల వంచుకుని, జమ్మలమడుగు పల్లె గొంతుతోనే చెప్పాడు.

"ముందే తెలిసింటే, వచ్చిండేదాన్ని కాదు, అనింది తాతా."

తాత తలెత్తి ఆయన వంక చూశాడు.

"ఇది మాత్రం దిద్దకుండా తెచ్చినావు," అన్నాడు.